మనిషి లేని మగ్గం

ఎమ్మిగనూరు బసప్ప మగ్గం అమావాస్య నాడు మనిషి లేకుండానే నేస్తుంది. ఈ సంగతి ఆ చుట్టుపక్కల తెలియనివారు లేరు, నమ్మనివారూ లేరు. ఆలూరు వెళ్లే షేర్ ఆటోలో పత్తికి కొట్టే మందు గురించి మొదలైన మాట కూడా చివరికి ఆ మగ్గం దగ్గరికే వచ్చి చేరేది. నందవరంలో చెప్పుకునే కథలో, అడ్డపోగును తీసుకుపోయే నాడె దానంతటదే అటూ ఇటూ పరుగెత్తేది. తుగ్గలికి చేరేసరికి అదే కథలో మగ్గం మీద తెల్ల పంచె కట్టుకున్న బసప్ప కూడా ప్రత్యక్షమయ్యేవాడు. బసప్ప పోయి రెండేళ్లు కావస్తోంది. బతికి ఉన్నంతకాలం ఆయన గళ్ల లుంగీ తప్ప ఇంకొకటి కట్టి ఎరగడు. వదంతి ఆయనకు పంచె కూడా కొనిపెట్టింది.

ఈ వదంతికి ఆధారాలు లేకపోలేదు. దాని బలమంతా అందులోనే ఉంది. మొదటి ఆధారం చెవులది. ఆ నేతగాళ్ల వీధిలో అమావాస్య నాడు ఏ ఇంట్లోనూ మగ్గం కదలదు. ఆ రోజు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టి, తలుపు దగ్గరికి వేస్తారు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేరు గానీ, నెలకొక రోజు నేతగాడి నడుముకూ కాళ్లకూ సెలవు దొరకడం మాత్రం తెలివైన ఏర్పాటే. అటువంటి నిశ్శబ్దంలో, పుష్య అమావాస్య నాటి మధ్యాహ్నం, బసప్ప ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపించింది. బసప్ప మగ్గం చప్పుడును వీధిలో ఎవరైనా గుర్తుపడతారు. దానిలో పోగును కొట్టి బిగించే పలక ఒకప్పుడు చీలితే ఆయనే మేకులు కొట్టి అతికాడు. అప్పటినుంచి అది ఒక దెబ్బకు రెండు చప్పుళ్లు చేస్తుంది. ఎదురింటి లక్ష్మమ్మ విన్నది. పక్క రెండిళ్లవాళ్లూ విన్నారు. సాయంత్రం బసప్ప భార్య హంపమ్మ కనబడితే లక్ష్మమ్మ అడిగింది. తాను పొద్దున్నే నందవరం అక్క ఇంటికి పోయి ఇప్పుడే వచ్చానని హంపమ్మ చెప్పింది.

రెండో ఆధారం కళ్లది. శివరాత్రి దాటిన తర్వాత అందరి ఫోన్లలోకీ ఒక వీడియో వచ్చింది. అందులో అదే మగ్గం, అదే గోడ, అదే రెండు చప్పుళ్లు. నాడె పరుగెత్తుతోంది, పలక కొడుతోంది, గుడ్డ పెరుగుతోంది. మగ్గం ముందు మనిషి లేడు. మనిషి నీడ కూడా లేదు.

విన్నదీ చూసినదీ ఒకదానికొకటి సరిపోయినప్పుడు నమ్మకపోవడానికి చాలా ఓపిక కావాలి. అంత ఓపిక ఎవరికుంటుంది.

ఈ కథ రాఘవేంద్రకు ఆదోనిలో చేరింది. అతడు హంపమ్మకు మేనల్లుడు, ఆమె అన్న కొడుకు. ఆదోనిలో పెళ్లిళ్ల వీడియోలు తీసే స్టూడియోలో ఎడిటింగ్ పని చేస్తాడు. ఒకనాడు ఆలూరు నుంచి భీమప్ప అనే రైతు తన కూతురి పెళ్లి వీడియో చూసుకోవడానికి వచ్చి, కంప్యూటరు తెరుచుకునేలోపు కాలక్షేపానికి తన ఫోను చేతికిచ్చాడు.

"ఎమ్మిగనూరుదంట గదప్పా, సూడు. మనిషి లేకుండా నేస్తాంది."

రాఘవేంద్ర చూశాడు. అది తన వీడియోనే. తల లేదు, తోక లేదు, మధ్య ముక్క మాత్రం ఉంది. తల ఉన్న చోట, ఇది ఒక అభిమాని సొంత ఊహతో చేసుకున్నదనీ ఫోన్ కంపెనీతో ఏ సంబంధమూ లేదనీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పెట్టాడు. తోక ఉన్న చోట, ఆ నేసిన గుడ్డ గాలిలోకి లేచి, మడతపడి, మడతపడి, చివరికి ఒక ఫోనుగా మారి నిలబడేది. ఏ మహానుభావుడో ముందూ వెనకా కత్తిరించి మగ్గాన్ని ఒక్కదాన్నే మిగిల్చాడు.

ఇది నేను చేసినదేనని రాఘవేంద్ర అన్నాడు. భీమప్ప నవ్వి, నువ్వు చేసేది పెళ్లిళ్లు గదా అని, తన ఫోను తాను తీసుకున్నాడు.

ఆ వీడియో వెనకాల ఒక ప్రేమ ఉంది. రాఘవేంద్రకు ఒక ఫోన్ కంపెనీ అంటే ఇష్టం. అది కొత్త ఫోను విడుదల చేసేటప్పుడు చూపించే వీడియోలంటే అంతకన్నా ఇష్టం. నల్లటి చీకట్లోంచి ఒక వెలుగు గీత వస్తుంది. లోహపు అంచు ఒకటి తేలుతూ తిరుగుతుంది. గాజు వచ్చి దానిమీద వాలుతుంది. ఏదీ బరువు లేనట్టు, ఎవరూ తయారు చేయనట్టు, తమంతట తామే పుట్టినట్టు వస్తువులు ఒకదానిలో ఒకటి చేరతాయి. ఆ వీడియోల్లో మనిషి చెయ్యి ఎక్కడా కనిపించదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పెళ్లిళ్లలో వేలాది చేతులు అక్షింతలు వేయడం చూసే రాఘవేంద్రకు ఆ శుభ్రత ఎంతో హాయిగా ఉండేది. ఇటువంటి కంపెనీల అభిమానులు ఇంకా పుట్టని ఫోన్లను ఊహించి, వాటికి విడుదల వీడియోలు తామే చేసి ఇంటర్నెట్లో పెడుతుంటారు. లాభం ఏమీ లేదు. బాగుందని ఎక్కడో ఉన్న ఇంకో అభిమాని ఒక మాట రాస్తే అదే చాలు.

అతడి ఊహలోని ఫోనుకు వెనకవైపు గాజు బదులు చేనేత గుడ్డ ఉంటుంది. ఎమ్మిగనూరు గుడ్డ. దాన్ని చూపించాలంటే మగ్గం కావాలి, మగ్గం చప్పుడూ కావాలి. చప్పుడు దగ్గరే చిక్కు వచ్చింది. ఆ వీధిలో మామూలు రోజుల్లో ఒక మగ్గం చప్పుడును విడిగా పట్టుకోవడం సాధ్యం కాదు. ఇంటింటా మగ్గాలు కొడుతుంటే మైకులోకి వాన కురిసినట్టు ఒకే హోరు వస్తుంది. వీధి నిశ్శబ్దంగా ఉండే రోజు నెలకు ఒక్కటే.

అమావాస్య నాడు నేయమని అడిగితే హంపమ్మ మొదట చీపురు తీసింది. తర్వాత, తమ మగ్గం చప్పుడు దేశదేశాల వాళ్లు వింటారని అతడు చెప్పిన మాట ఆమె మనసులో ఎక్కడో తగిలింది. ఆ పలకను అతికినవాడు ఆమె మొగుడు. రెండు చప్పుళ్ల మగ్గమని వీధి వెక్కిరిస్తే, ఒక కూలికి రెండు చప్పుళ్లు, ఎవరికి వస్తాయి అని ఆయన తిరిగి వెక్కిరించేవాడు. ఆమె చివరికి ఒప్పుకుని, ఒక్క షరతు పెట్టింది.

"నా మొగం కనపడకూడదు, నా సెయ్యి కనపడకూడదు. అమావాస్య నాడు హంపమ్మ నేసిందని ఒక్క పురుగుకు కూడా తెలియకూడదు."

రాఘవేంద్ర తలుపు వేసి, కెమెరాను స్టాండు మీద కదలకుండా నిలబెట్టి, ముందు ఖాళీ మగ్గాన్ని తీశాడు. తర్వాత ఆమెను మగ్గం కింద కాళ్లుంచే గుంత అంచున కూర్చోబెట్టి, నేస్తుండగా అదే చోటునుంచి తీశాడు. మిగిలినది ఆదోనిలో తీరిక దొరికినప్పుడల్లా చేసిన పని. ఆమె ఉన్నంత మేర కత్తిరించి, అక్కడ ఖాళీ మగ్గం బొమ్మను అతికించడం. పెళ్లి వీడియోల్లో అడ్డంగా నడిచిన వంటవాణ్ణీ, పెళ్లివారికి పడని చుట్టాన్నీ మాయం చేసి మాయం చేసి అతడి చెయ్యి ఆ పనిలో ఆరితేరింది. అయినా ఆమె చేతులు పలకను పట్టుకున్న చోట ఒక్కొక్క బొమ్మనూ విడివిడిగా తుడవవలసి వచ్చింది. గోడమీది నీడ తుడిచాడు. పలక నున్నటి చెక్కలో కదిలిన వెండి గాజుల మెరుపు తుడిచాడు. ముగించి చూసుకున్నప్పుడు, మాట నిలబెట్టుకున్నానన్న తృప్తితో పాటు మరో తృప్తి కూడా కలిగింది. మగ్గం అచ్చం ఆ కంపెనీ వీడియోల్లోలాగా, ఎవరూ లేకుండా, బరువు లేకుండా నేస్తోంది. ఎక్కడెక్కడి అభిమానులో ఆ ఒక్క ముక్కనే మెచ్చుకున్నారు.

ఆ మెప్పంతా భీమప్ప ఫోను చూసిన రోజు చప్పబడింది. మర్నాడే అతడు ఆదోని నుంచి బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాడు.

హంపమ్మ ఇంటి ముందు వాకిట్లో పడుగు చుట్ట గోడకు ఆనించి ఉంది. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా ఎక్కించే దారాల వరుస. దానికి గంజి పట్టిస్తే తప్ప అది నేతకు ఆగదు, తెగిపోతుంది. పట్టించాలంటే తెల్లవారుతూనే దాన్ని వీధి పొడవునా చాపి, కర్రల మీద నిలబెట్టి, రెండు వైపులా మనుషులు నిలబడి కుంచెలతో తోయాలి. ఎండ ముదరకముందే ముగించాలి. అది ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఈ రోజు ఆ ఇంటి పడుగుకు వీధి వస్తుంది, రేపు ఈ ఇంటి పడుగుకు వీధి వస్తుంది. ఎవరూ ఎవరినీ పిలవరు. గంజి కాగిన వాసన వస్తే లేచి వస్తారు, అంతే.

"ఈ చుట్ట ఎప్పటినుంచి ఉందత్తా ఈడ?" అని రాఘవేంద్ర అడిగాడు.

"నీ సినిమా వచ్చినప్పటినుంచి."

రెండుసార్లు గంజి కాచిందట. రెండుసార్లూ వీధిలో ఒక్క తలుపు తెరుచుకోలేదట. అది దయ్యం నేసే మగ్గానికి ఎక్కే పడుగు. దాన్ని ముట్టుకున్న చెయ్యి మళ్లీ సొంత మగ్గాన్ని ముట్టుకోవాలి కదా అని లక్ష్మమ్మ మెత్తగానే చెప్పి పంపిందట. ఆ లక్ష్మమ్మ పడుగులకు హంపమ్మ ఎన్నిసార్లు నిలబడిందో లెక్కే లేదు. నూలు ఇచ్చి గుడ్డ తీసుకునే ఆసామి భీమన్న నిన్ననే వచ్చి చూసిపోయాడట. ఆయన కోప్పడలేదు. చైత్ర అమావాస్య దాటితే ఈ పడుగును ఇంకో ఇంటికి పంపిస్తానని మాత్రం అన్నాడట. పడుగు పోతే ఆ మగ్గం మీద ఇక ఎక్కేది ఏమీ లేదు. మగ్గం తప్ప హంపమ్మ చేతికి ఇంకో పని రాదు.

ఇదంతా ఆమె పళ్లెంలో జొన్నరొట్టె వేస్తూ, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. తన మొగుడి దయ్యం మాట వచ్చినప్పుడు మాత్రం ఆమెకు నవ్వాగలేదు.

"బతికినన్ని దినాలు అమావాస్య వస్తే మగ్గం దిక్కు సూసేటోడు కాదు మీ మామ. మామూలు దినాల్లోనే నేను అరిస్తే గానీ గుంతలో దిగేటోడు కాదు. అట్లాటోడు సచ్చినాక సెలవు దినం సూసుకోని వచ్చి నేస్తాడంట. ఎంత బుద్ధిమంతుడైనాడో సూడు."

రాఘవేంద్ర నవ్వలేకపోయాడు. తన దగ్గర అసలు వీడియో ఉందనీ, అందులో ఆమె నేయడం మొదటినుంచి చివరిదాకా కనిపిస్తుందనీ, అది చూపిస్తే ఒక్క పూటలో ఈ గొడవ తీరిపోతుందనీ చెప్పాడు. ఆమె రొట్టె తిప్పడం ఆపింది. వద్దంది. ఎందుకు వద్దో చెప్పింది. కొన్నేళ్ల కిందట వీధి చివరి ఇంట్లో ఎవరో తొందర పని ఉండి అమావాస్య నాడు మగ్గమెక్కితే, వాళ్లను గుడి ముందు నిలబెట్టి అడిగింది బసప్పే. వాళ్లు తలవంచుకుని తప్పు ఒప్పుకునేదాకా ఆయన వదల్లేదు. ఇప్పుడు ఆయన పెళ్లామే, ఆయన మగ్గం మీదే ఆ పని చేసిందని తెలిస్తే ఆయన పేరేం కావాలి.

"దయ్యమంటే భయపడతారు, అంతే గదా. తప్పు సేసిందంటే ఆయప్పను నవ్వుతారు."

రాఘవేంద్ర ఇంటర్నెట్లోంచి తన వీడియోను ఆ క్షణమే తీసేశాడు. దానివల్ల ఏమీ కాలేదు. కత్తిరించిన ముక్క అప్పటికి అతడి చేతిలో లేదు, అందరి చేతుల్లోనూ ఉంది.

రెండు రోజులు సెలవు పెట్టి ఉండిపోయి, మూడోసారి గంజి అతడే కాచాడు. తెల్లవారి వెలుతురు పడుతుండగా అత్తా అల్లుడూ కలిసి పడుగును వీధిలోకి తెచ్చి చాపబోయారు. ఒక కొస ఆమె పట్టుకుంది, ఇంకో కొస అతడు పట్టుకున్నాడు. మధ్యలో దారాలు పొట్టవేసి నేలకు వేలాడాయి. ఎత్తి పట్టడానికి మనుషులు లేరు. హంపమ్మ వీధికి రెండు వైపులా చూసింది. తలుపుల వెనక జనం మేలుకునే ఉన్నారు. బిందెల చప్పుడు వినిపిస్తోంది, రేడియో వినిపిస్తోంది. గంజి వాసన అందరి ముక్కులకూ చేరి ఉంటుంది. చాలాసేపు ఆ కొస పట్టుకుని అలాగే నిలబడి, చివరికి మెల్లగా చుట్టసాగింది. దుమ్ము అంటిన చోటల్లా పైటచెంగుతో తుడుచుకుంటూ చుట్టింది.

చుట్ట గోడకు ఆనించి, చెప్పులు వేసుకుని, రాఘవేంద్రను రమ్మని కూడా చెప్పకుండా నడిచింది. ఆమె ఎక్కడికి పోతోందో అతడికి ఉచ్చీరప్ప ఇంటి మలుపు వచ్చాక గాని తెలియలేదు.

ఉచ్చీరప్ప వీధికి పెద్ద. అమావాస్య కట్టుబాట్లూ మగ్గాల పూజలూ ఆయన చేతిమీదుగా జరుగుతాయి. అరుగు మీద కూర్చుని నూలు చుట్టిన కండెలు సరిచూసుకుంటున్న ఆ ముసలాయన ముందు హంపమ్మ నిలబడి, పుష్య అమావాస్య నాడు మగ్గం నేసింది తానేనని ఒక్క మాటలో చెప్పింది. ఆ మాట చుట్టుపక్కల అరుగులకు ఎట్లా పాకిందో గానీ, నీళ్లు పట్టే ఆడవాళ్లు బిందెలు దించి వచ్చారు. లక్ష్మమ్మ కూడా వచ్చింది.

ఉచ్చీరప్ప కోప్పడతాడని రాఘవేంద్ర అనుకున్నాడు. ఆయన జాలిపడ్డాడు. మొగుని పేరు దయ్యాల్లో కలుస్తోందని బాధపడి, ఆ నింద నీమీద వేసుకుంటున్నావు తల్లీ అన్నాడు. ఆమె కాదంది. అప్పుడాయన పద్ధతిగా అడిగాడు.

"నువ్వా దినం నందవరంలో ఉంటివి. లక్ష్మమ్మకు నువ్వే సెప్పినావు."

"అబద్ధం సెప్పింటినప్పా."

"అప్పుడు సెప్పినది అబద్ధమైతే, ఇప్పుడు సెప్పేది అబద్ధం కాదని మాకెట్ల తెలియాల?"

ప్రశ్న న్యాయమైనదే. నిజానికి ఉచ్చీరప్పకు దయ్యంతో పెద్ద ఇబ్బంది లేదు. దయ్యం కట్టుబాటుకు లోబడదు కాబట్టి దాన్ని గుడి ముందు నిలబెట్టవలసిన పని లేదు. హంపమ్మ నేసిందంటేనే చిక్కు. తెలిసో తెలియకో ఆయన మనసు తేలికైన దారివైపు మొగ్గింది. మనుషుల నమ్మకాలు చాలావరకు అలాగే స్థిరపడతాయి.

రాఘవేంద్ర ముందుకు వచ్చి ఫోను తీశాడు. అసలు వీడియో పెట్టాడు. అందులో హంపమ్మ నడుము బిగించి కూర్చుని నేస్తోంది, మధ్యలో ఒకసారి కెమెరా వైపు చూసి అయిందా అని కూడా అడిగింది. ఉచ్చీరప్ప కళ్లద్దాలు సవరించుకుని పూర్తిగా చూశాడు. ఆడవాళ్లు భుజాల మీదుగా చూశారు. ఇక అయిపోయిందని రాఘవేంద్ర అనుకుంటుండగా లక్ష్మమ్మ నోరు విప్పింది.

"మొన్నటి దాంట్లో ఈమె లేదు గదా. ఏమాయ మరి?"

నేనే తుడిచేశానని అతడన్నాడు.

"తీసేసేది వచ్చినోనికి పెట్టేది రాదా నాయనా?"

అందరూ నవ్వారు. రాఘవేంద్ర నవ్వలేదు. తుడవడం ఎట్లా జరిగిందో విడమరిచి చెప్పాడు. ముందు ఖాళీ మగ్గం, తర్వాత నేసే మగ్గం, ఒకదానిమీద ఒకటి. ఫోనులోనే చిన్నగా చేసి చూపించాడు కూడా. వీధి చివరిదాకా నడిచిపోతున్న గేదెను వాళ్ల కళ్లముందే వీడియోలోంచి మాయం చేశాడు. వాళ్లు ఎంతో మెచ్చుకున్నారు. అతడు వివరించిన కొద్దీ అతడి నేర్పు మీద నమ్మకం పెరిగింది, అతడి సాక్ష్యం మీద నమ్మకం తరిగింది. ఇంత తెలిసినవాడు మేనత్త కోసం ఏమైనా చేయగలడని ఒకామె పక్కామెతో అంది. ఆ తర్కంలో తప్పెక్కడుందో రాఘవేంద్రకు కనిపించలేదు. తప్పు లేదు కాబట్టి కనిపించలేదు. తన తెర మీద దేన్నయినా ఉంచగలననీ దేన్నయినా తీయగలననీ రుజువు చేసినవాడు, ఆ తెరనే సాక్షిగా నిలబెట్టలేడు.

అతడు ఫోను కిందికి దించాడు. హంపమ్మ మాత్రం అరుగుకు ఇంకొక అడుగు దగ్గరగా జరిగింది.

"అప్పా, ఆ మగ్గం అమావాస్య నాడు నేస్తాదని గదా మీరనేది. చైత్ర అమావాస్య వస్తాంది. వచ్చి కూర్చోని సూడండి. పాత పడుగు ఇంకా మూరెడు మిగిలి ఉంది మగ్గం మీద. అది తనంతట తాను నేస్తే ఆ గుడ్డ మీకే ఇస్తా, తువ్వాలు కట్టుకోండి."

మళ్లీ నవ్వులు లేచాయి, ఈసారి ఉచ్చీరప్ప మీద. ఆయన కండె ఒకటి చేతిలో తిప్పుతూ ఆలోచించి, వస్తానన్నాడు. రానంటే భయపడ్డాడనుకుంటారు.

చైత్ర అమావాస్య నాడు వీధి ఎప్పటిలాగే మూగబోయింది. ఏ ఇంట్లోనూ మగ్గం కదలలేదు. హంపమ్మ మగ్గానికి బొట్టు పెట్టి, వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది. కిటికీ తీసింది. మగ్గం వెనక పాత సామాను కప్పిన గుడ్డను కూడా తీసి మడిచింది. ఎవరైనా దాగి ఉన్నారన్న మాట రాకూడదు. ఉచ్చీరప్ప వచ్చి ఆమె వేసిన చాప మీద కూర్చున్నాడు. మిగిలినవాళ్లు గడప దగ్గరా కిటికీ దగ్గరా నిలబడ్డారు. లక్ష్మమ్మ గడపకు బయటే ఆగింది. భీమన్న ఏదో పని మీద వచ్చినట్టు వచ్చి, పోకుండా ఉండిపోయాడు. ఆదోని నుంచి వచ్చిన రాఘవేంద్ర అలవాటుగా ఫోను పైకెత్తాడు.

"అది జేబులో పెట్టు" అన్నాడు ఉచ్చీరప్ప. "ఇది కండ్లతో సూసేది."

చూశారు. ఎండ గడప దాటి లోపలికి వచ్చి, గుంత అంచును తాకి, మగ్గం కాళ్లమీదికి ఎక్కింది. ఒక ఈగ పలక మీద వాలింది, నడిచింది, ఎగిరిపోయింది. ఆ ఇంట్లో అంతకు మించి కదిలినది ఏమీ లేదు. జనానికి ముందు భయం పోయింది, తర్వాత ఓపిక పోయింది. కూతుళ్ల సంగతులూ గ్యాసు బండ సంగతులూ మాట్లాడుకోసాగారు. ఇంతమంది ఉంటే బసప్ప ఎందుకు వస్తాడు, మొదటినుంచే సిగ్గుమనిషి అని కిటికీలోంచి ఎవరో అన్నారు.

"సిగ్గా, ఆయప్పకా?" అంది హంపమ్మ. "నా పెండ్లిలో పీటల మీద కూర్చోని లడ్డు ఇంకొకటి తెమ్మన్నాడు."

ఉచ్చీరప్ప కూడా నవ్వాడు. బసప్పకు ఆయన స్నేహితుడు. ఆ లడ్డు సంగతి ఆయనకూ తెలుసు. అయినా, ఈ పూట కదలలేదు కాబట్టి ఆ పూట కదలలేదని ఎట్లా అంటామని సందేహం వెలిబుచ్చాడు. ఆ సందేహం కూడా న్యాయమైనదే. ఖాళీ మగ్గం ఊరకే ఉండటాన్ని ఎంతసేపు చూసినా, ఆ రోజు చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో తేలదు.

హంపమ్మ పైటచెంగు నడుముకు దోపింది. గుంత దగ్గరికి పోయి నిలబడింది.

"ఇప్పుడు దిగుతాండా. అమావాస్య నాడు దిగేది తప్పని నాకు తెలుసు. ఆ దినం తలుపేసుకోని దిగితిని, ఈ దినం మీ ఎదురుగా దిగుతాండా. వద్దంటే ఇప్పుడే సెప్పండప్పా, పడుగు భీమన్నకు ఇచ్చేస్తా."

లోపలికి తెచ్చి గోడకు ఆనించిన పడుగు చుట్ట వైపు భీమన్న చూడలేదు. గడప దగ్గరి జనం ఉచ్చీరప్పను చూశారు. ఆయన మగ్గం పలకను చూశాడు. ఆ చీలికకు కొట్టిన మేకుల్లో కొన్ని ఆయన ఇంటినుంచి వచ్చినవే. గుడి ముందు అడగవలసినది రేపు అడుగుదామన్నాడు. ఈ పొద్దు దిగమన్నాడు.

హంపమ్మ గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంది. ఒక చేత్తో పలక పట్టుకుంది. కాలికింది చెక్క తొక్కి, రెండో చేత్తో నాడె తాడు లాగింది. పలక కొట్టింది. ఒక దెబ్బకు రెండు చప్పుళ్లు.

ఆ చప్పుడు నిశ్శబ్దమైన వీధిలోకి పోయి, ఎదురింటి గోడకు తగిలి తిరిగి వచ్చింది. గడప అవతల లక్ష్మమ్మ తల పక్కకు వంచి వింది. పుష్య అమావాస్య నాటి మధ్యాహ్నం తాను విన్నది ఇదేనని ఆమె ముఖంలో తెలుస్తూనే ఉంది. హంపమ్మ ఆగకుండా నేసింది. తొక్కడం, లాగడం, కొట్టడం. గాజులు మోచేతి దాకా జారి మళ్లీ ముంజేతికి వచ్చేవి. నుదుటి విభూతి చెమటకు కరిగింది. రాఘవేంద్ర ఆమె చేతులను చూస్తూ నిలబడ్డాడు. ఒక్కొక్క బొమ్మలో ఆ చేతులను వెతికి వెతికి తుడిచినవాడు అతడే. అవి చేసే పనిని ఇంత సేపు చూడటం ఇదే మొదటిసారి. ఆ దెబ్బలో భుజం బరువంతా ఉంది. తన వీడియోలో మగ్గం తేలికగా కనిపించడానికి తాను తుడిచేసినది ఆ బరువునే.

మూరెడు పడుగు తరుగుతోంది. ఉచ్చీరప్ప లేచి, దగ్గరికి వచ్చి, వంగి, గుంతలో ఆమె కాళ్లను చూశాడు. వెనక్కి పోయి కూర్చున్నాడు.

లక్ష్మమ్మ చెప్పులు విడిచి గడప దాటింది. గోడకు ఆనించిన పడుగు చుట్ట దగ్గరికి పోయి, మొదట వేళ్లతో, తర్వాత అరచేతితో తడిమి, దారాలకు అంటిన పాత దుమ్మును తట్టింది. హంపమ్మ వైపు తిరిగి ఏదో అడిగింది. మగ్గం చప్పుడులో పెదవులు కదలడం తప్ప మాట వినబడలేదు.

"ఏమంటాండావు?" అని హంపమ్మ అరిచింది.

"రేపు గంజి ఎప్పుడు కాస్తావంటాండా" అని లక్ష్మమ్మ ఇంకా గట్టిగా అరిచింది. అదీ వినబడలేదు.

వినడానికి హంపమ్మ చెక్కమీది నుంచి కాలు తీసింది. మగ్గం ఆగింది.